ఇల్లు మారే తేదీ తేలకపోతే, పదకొండు మంది ఉన్న ఇంట్లో రోజులు ఎట్లా వెళ్లదీయాలి

మాది దేవరకొండ. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, మా ముగ్గురు పిల్లలు, మరిది, ఏరాలు, వాళ్ల ఇద్దరు చిన్నపిల్లలు, మొత్తం పదకొండు మందిమి ఒకటే అద్దె ఇంట్లో ఉంటాం. నల్లగొండలో పానగల్లు వైపు సొంత ఇల్లు కడుతున్నాం. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది, "పండుగ కాంగనే మీరు ఇంట్ల దిగుడేనమ్మా" అన్నాడు మేస్త్రీ, నేను నమ్మి మట్టలాదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) దాటగానే మూటలు కట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు సెప్టెంబరు. ఇంకా దేవరకొండలోనే ఉన్నాం. ఇంట్లో మనుషులు ఎక్కువ, సామాను ఎక్కువ, తేదీ మాత్రం లేదు అని తల పట్టుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నా, ఇందులో సగం నేను చేసిన తప్పులే.

అన్నిటికంటే ముందు, తేదీ ఖాయం కాకుండా వంటింటి జోలికి పోవద్దు. నేను పెద్ద గంజులు, సర్వలు, గుండిగ అన్నీ గోనె సంచుల్లో వేసి దబ్బనంతో మూతి కుట్టేశాను. అత్తమ్మ గడపలో కూర్చుని అంతా చూసి, ఆఖరి కుట్టు వేసినంక, "ఏందే, గంజులన్నీ కట్టినవ్, రేపు పదకొండు మందికి అన్నం దేంట్ల వండుతవ్?" అన్నది. ముందే అనొచ్చు కదా. మూడు రోజులు చిన్న కుక్కర్‌లో పూటకు మూడు సార్లు వండి, నాలుగో రోజు కుట్లు విప్పాను. ముందు కట్టాల్సింది ఏడాదిగా ఎవరూ ముట్టుకోనివి మాత్రమే: సజ్జ మీది ఇత్తడి బిందెలు, పాత స్కూలు పుస్తకాలు, పెళ్లిళ్లలో వచ్చిన డిన్నర్ సెట్లు. రగ్గులు కట్టొద్దు, వానాకాలం జ్వరాలు వస్తాయి, అడుగుతారు. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్లకు కట్టుకునే తెల్ల చీరలు అసలే మూట కట్టొద్దు. మే నెల మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేనూ ఏరాలూ తెల్ల చీరల కోసం మూటలు వెతికాం, దొరకలేదు, ఇద్దరం పక్కింటి అక్క దగ్గర అడుక్కుని కట్టుకుపోయాం.

అట్టపెట్టెల సంగతి. మెడికల్ షాపువి గట్టిగా ఉంటాయి కానీ చిన్నవి, కిరాణం షాపువి పెద్దవి కానీ అడుగు ఊడిపోతుంది. గాజు సామానుకు అన్నిటికంటే మంచివి వైన్స్ పెట్టెలు, లోపల గడులు ఉంటాయి కాబట్టి గ్లాసులు ఒక్కోదాంట్లో ఒక్కోటి కూర్చుంటాయి, ఒకదానికొకటి తగలవు. మా మరిది పన్నెండు తెచ్చి ముందు గదిలో పేర్చాడు. ఆ సాయంత్రమే మా చర్చి పాస్టరు అయ్యగారు, అమ్మగారు ప్రార్థనకు వచ్చారు. అయ్యగారు పెట్టెల వైపు చూడకుండా చాలా కష్టపడి కూర్చున్నారు, మామయ్య మొహం చూడాలి అప్పుడు. మరుసటి రోజు ఆ పెట్టెలన్నీ విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేట్టు తిరగేసి మళ్లీ టేపు వేశాం. మీరు మొదట్నే తిరగేసుకోండి.

పెట్టె మీద నంబరు వేయండి, లోపల ఏముందో ఒక నోటు పుస్తకంలో రాయండి. "ఇతర సామాను" అని మాత్రం రాయొద్దు, అది రాసినట్టు కాదు. మా అత్తమ్మకు చదువు రాదు కాబట్టి సంచులకు రంగు గుడ్డలు కట్టాం, ఎర్రది వంటింటిది, పచ్చది పిల్లలది, తెల్లది మామయ్యది. ఇది అందరికంటే బాగా పనిచేసింది, నా నోటు పుస్తకం కంటే కూడా. ఎందుకంటే ఒక రాత్రి మామయ్య పెద్దక్షరాల బైబిలు, ఆయన కళ్లద్దాలు రెండూ కనపడలేదు. ఎనిమిదిన్నరకు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన, ఆయన చదవాలి, అందరం చాప మీద కూర్చున్నాం. నోటు పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. పద్నాలుగు పెట్టెలు విప్పాం. ఇరవై మూడో నంబరులో, చిన్నోడి క్రికెట్ బ్యాటు కింద, టవల్లో చుట్టి ఉన్నాయి, చుట్టింది నేనే. పదింటికి ప్రార్థన మొదలైంది, పిల్లలు అప్పటికే బైబిళ్ల మీద తల పెట్టి నిద్రపోయారు. ఇరవై మూడో పెట్టె ఆ రోజు నుంచి అట్లనే తెరిచి ఉంది, ప్రార్థన సామాను దాంట్లోనే పెట్టి దాంట్లోనే తీస్తున్నాం: మామయ్య బైబిలు, పాటల పుస్తకాలు, ఒక జత తాళాలు. డోలక్ కట్టేశాం, డోలక్ లేకుండా గడుస్తుంది.

ప్రార్థన మాత్రం ఆపొద్దు, "కొత్తింట్లో మొదలుపెడదాం" అనుకోవద్దు. భక్తి కోసమే కాదు ఈ మాట. ఇంట్లో సగం మూటలు, సగం మనుషులు ఉన్నప్పుడు పిల్లలకు ఏదీ టైముకు జరగదు, ఆ ఒక్కటి జరిగితే దాని వెనక అన్నం, పడక కూడా టైముకు జరుగుతాయి. నేను విసుక్కుంటుంటే మామయ్య, "ఇశ్రాయేలోళ్లు అరణ్యంల నలభై ఏండ్లు తిరిగిండ్రు బిడ్డా, మీకు నాలుగు నెలలకే పానం పోతుందా" అంటాడు. వాళ్లకు అద్దె లేదు కదా మామయ్యా అన్నాను ఒకసారి. నవ్వాడు గానీ అద్దె మాత్రం ఈయనే కడుతున్నాడు, మా ఆయన.

ఆదివారం పొద్దున ఒకటే బాత్‌రూము, పదకొండు మంది. బట్టలు శనివారం రాత్రే ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్ల సంచి మీద పెట్టేయాలి. ముసలివాళ్లు ముందు, సండే స్కూలు పిల్లలు తర్వాత, మగవాళ్లు ఆఖరున. మగవాళ్లు పెరట్లో కూడా పోసుకోవచ్చు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

బియ్యం గురించి చెప్పాలి. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, మా రెండు కార్డుల మీద తొమ్మిది పేర్లున్నాయి. జూన్‌లో మూడు నెలలవి ఒకేసారి ఇచ్చారు. లెక్క వేసుకోండి, 162 కిలోలు, రేపో మాపో ఖాళీ చేస్తాం అనుకుంటున్న ఇంట్లోకి! తెలంగాణలో ఏ ఊరి రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు కాబట్టి, మీకు ఇట్లాంటిది పడితే, పోయే ఊరు దగ్గరపడితే అక్కడే తీసుకోండి. మేం దేవరకొండలో తీసుకున్నాం. వానల్లో సన్నబియ్యానికి పురుగు తొందరగా పడుతుంది, ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేసి, బస్తాల కింద చెక్క పెట్టి, గోడకు తగలకుండా జానెడు దూరం జరిపాం. కుర్చీలు కట్టేశాం కదా, ప్రార్థనకు వచ్చినవాళ్లు ఆ బస్తాల మీదే కూర్చుంటున్నారు. ఇప్పుడు ఒక బస్తా సగానికి వచ్చింది, ఇంకోటి ఖాళీ, కూర్చునే చోటు తగ్గింది.

ఊరగాయ. ఏప్రిల్ నెలాఖరులో మామిడికాయ తొక్కు పెట్టాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ, ఎట్లాగూ మారుతున్నాం కదా అక్కడ పెట్టుకుందాం అని నేను, కాయ మనకోసం ఆగుతుందా అని అత్తమ్మ. అత్తమ్మే గెలిచింది, మంచిదైంది. జాడీ కదిలించాల్సి వస్తుందని తెలిస్తే మూతి దాకా నింపొద్దు, నాలుగు వేళ్లు ఖాళీ వదిలి, నూనె పైకి తేలేట్టు చూసుకుని, గుడ్డతో వాసెన కట్టాలి. పెద్ద జాడీ ఒకటి కాకుండా చిన్నవి మూడు పెట్టుకుంటే ఒకటి పగిలినా రెండు ఉంటాయి.

గ్యాస్ విషయంలో తొందరపడొద్దు. వేరే ఊరికి పోతే పాత ఏజెన్సీలో సిలిండర్లు, రెగ్యులేటర్ అప్పజెప్పి టీవీ (టెర్మినేషన్ వోచర్) కాగితం తీసుకోవాలి, డిపాజిట్ వాపసు వస్తుంది, ఆ కాగితం కొత్త ఊరి ఏజెన్సీలో చూపించి మళ్లీ డిపాజిట్ కట్టి కనెక్షన్ తీసుకోవాలి. పొయ్యి మనదే, ఇవ్వక్కర్లేదు. మాకు రెండు కనెక్షన్లున్నాయి కాబట్టి ఒకటే ముందు అప్పజెప్దాం అనుకున్నాం. రెండూ ఒకేసారి ఇచ్చేస్తే కట్టెల పొయ్యే గతి. ఆధార్ అడ్రస్ కొత్తింట్లో దిగాకే.

టీసీ మాత్రం నా మహా తప్పు. ఏప్రిల్‌లో స్కూలు మూసే రోజే ఇద్దరు మగపిల్లల టీసీలు తీసుకున్నాను, జూన్‌లో నల్లగొండలో వేద్దామని. జూన్ 12న బడులు తెరిచారు, మేం దేవరకొండలోనే ఉన్నాం. అవే టీసీలు పట్టుకుని అదే హెడ్మాస్టర్ సారు ముందు నిలబడితే ఆయన పేరు కూడా అడగలేదు, "ఇల్లు కాలేదా అమ్మా" అని రిజిస్టరు తీశాడు. అందరూ అట్ల ఉండరు. కొత్త స్కూల్లో సీటు మాట్లాడుకోండి, టీసీ మాత్రం సామాను బండి మాట్లాడినంక తీసుకోండి. పెద్దమ్మాయి పదో తరగతి, దాన్ని కదిలించట్లేదు, మేం పోయినా మార్చి పరీక్షల దాకా ఆడబిడ్డ వాళ్లింట్లో ఇక్కడే ఉంటుంది. దానికి విడిగా ఒక పెట్టె, ఒక సంచి, ఒక పరుపు తీసి పెట్టాం. కొత్తింట్లో దాని గదిలో ఎవరూ పడుకోవద్దని ఇప్పట్నుంచే గొడవ.

చర్చిలో వీడ్కోలు ముందే చేయించుకోవద్దు. మాది ఎంబీ (మెనోనైట్ బ్రెదరెన్) చర్చి, ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఆరాధన తర్వాత మా అందర్నీ ముందుకు పిలిచి, ప్రార్థన చేసి, మామయ్యకు శాలువా కప్పి, స్త్రీల సమాజం వాళ్లు పెద్ద హాట్ బాక్సు ఇచ్చారు. అత్తమ్మ ఏడ్చింది, సగం చర్చి ఏడ్చింది. ఆ మరుసటి ఆదివారం మళ్లీ అదే వరసలో పదకొండు మందిమి కూర్చున్నాం. అప్పట్నుంచి ప్రతి ఆదివారం "వందనాలమ్మా, ఇంకా పోలేదా?" హాట్ బాక్సు వాడాలంటే సిగ్గుగా ఉంది, కట్టి పెట్టాం. కొత్త చర్చికి ఇవ్వాల్సిన సభ్యత్వ ఉత్తరం మాత్రం అయ్యగారిని అడిగి రాయించి పెట్టుకోండి, దానికి ఏడుపు అక్కర్లేదు.

టులెట్ బోర్డు పెట్టాక ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు ఇంకో తలనొప్పి. ఓనరుతో మాట్లాడి సాయంత్రం అయిదు నుంచి ఆరు అని టైము పెట్టుకోండి, లేకపోతే అన్నం తినే టైముకు వంటింట్లోకి వస్తారు. వాయిదా పడితే మధ్యలో ఇంకో చిన్న ఇంటికి మారదాం అన్న ఆలోచన వద్దే వద్దు. పదకొండు మందిమి అంటేనే చాలామంది తలుపు మూస్తారు, రెండు నెలలకే అంటే అసలు మాట్లాడరు.

ఇక అసలు విషయం, తేదీ ఎందుకు తేలదు అనేది. మా మేస్త్రీకి చేతిలో నాలుగు ఇళ్లున్నాయి, మిగతా మూడింటికీ పంతులు పెట్టిన ముహూర్తాలున్నాయి. మనం ముహూర్తాలు చూడం, ఏ రోజైనా దేవుడిచ్చిన రోజే అంటాం, ఆ మాటే మన కొంప ముంచుతుంది. శ్రావణంలో టైల్స్ పని మధ్యలో వదిలి వేరే ఇంటికి పోయాడు. అడిగితే, "వాళ్లకు ముహూర్తం ఉందమ్మా, మీకేముంది, ఎప్పుడన్న దిగుతరు" అన్నాడు. పాపం అతని లెక్కలో అది నిజమే. ఈ సంగతి తెలిసి ఉంటే ఆషాఢాన్ని పట్టుకునేవాళ్లం. 2025లో జూన్ 26 నుంచి జులై 24 దాకా ఆషాఢం, గృహప్రవేశాలుండవు, మేస్త్రీ, పెయింటరు, డీసీఎం బండి అందరూ అందుబాటులో ఉంటారు, కొత్త కిరాయిదారులు కూడా ఆ నెలలో రారు కాబట్టి ఓనరు తొందరపెట్టడు. వానకు టార్పాలిన్ ఒకటి కట్టుకుంటే సరిపోయేది. మేం ఆ నెలంతా ఊరికే ఎదురుచూశాం.

ఆగస్టు ఆఖరుకు అయ్యగారు చెప్పిన ఉపాయం ఇది. గృహప్రతిష్ఠ ప్రార్థనకు ఆయనే ఒక శనివారం రాసిచ్చారు, అక్టోబరులో రెండోది. కార్డులు కొట్టించాం, పైన 127వ కీర్తన, కింద తేదీ, టైము, భోజనాలు. మొదటి కార్డు చుట్టాలకు కాదు, మేస్త్రీకే. అత్తమ్మ, ఏరాలు ఆడవాళ్లకు ఉచితమైన మహాలక్ష్మి జీరో టికెట్టు మీద నల్లగొండ బస్సెక్కి పోయి, స్వీట్ డబ్బా మీద కార్డు పెట్టి, "కుటుంబంతో రావాలె మేస్త్రీ" అని చేతికిచ్చి వచ్చారు. గోడలకు నీళ్లు కొట్టడానికి ఎండాకాలమంతా వాళ్లిద్దరూ వంతులేసుకుని అదే బస్సులో తిరిగారు, అప్పుడు ఒక్కసారీ పట్టించుకోని మనిషి, కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, తేదీ పైకి చదివి, "ఇంత దగ్గర పెట్టుకుంటే ఎట్లమ్మా!" అని వీళ్లనే కోప్పడ్డాడట. మరుసటి రోజు పొద్దున ఇద్దరు మనుషులను తీసుకుని పనిలోకి వచ్చాడు.

బాత్‌రూము టైల్స్ అయ్యాయి, కరెంటు మీటరు బిగించారు, కిటికీ అద్దాలు మిగిలాయి. గంజులు ఇంకా కట్టలేదు. ఇరవై మూడో పెట్టె కూడా తెరిచే ఉంది. సామాను ఎక్కించే రోజు ఎట్లా చేయాలో నన్ను అడగొద్దు, అది అయినంక రాస్తా.