కువైట్ నుంచి కావలికి: విమాన భయం ఇలా తగ్గింది

కువైట్ నుంచి కావలికి రావాలంటే నేను చెన్నైలో దిగి రైలెక్కుతాను. రైలంటే ఇష్టమే. విమానం తలచుకుంటే మాత్రం వారం ముందు నుంచే నిద్ర పట్టేది కాదు. ఏ చప్పుడు ఎందుకు వస్తుందో తెలుసుకున్నాకే కుదుటపడ్డాను.

పైకి లేచిన కాసేపటికి కాళ్ల కింద దడాలుమనేది చక్రాలు లోపలికి ముడుచుకోవడం. తర్వాత ఇంజను హోరు తగ్గడం మామూలే. టేకాఫ్‌కు కావలసినంత బలం ఇక అక్కర్లేదు. ఈసారి పక్కనున్న ఒంగోలు పెద్దాయన సీటు చేతిని గట్టిగా పట్టుకుని కూర్చుంటే, "ఇప్పుడు కింద మోగుతుంది బాబాయ్, చక్రాలే" అని ముందే చెప్పాను. మోగింది. "అంతేనా నాయనా!" అన్నారు.

రెక్కలు ఊగితే బెదరకండి, విరగకుండా వంగేలాగే వాటిని తయారుచేస్తారు. వాటి దగ్గరి సీటు అడగండి, అక్కడ కుదుపు తక్కువ. బెల్టు బిగించుకుని, పీల్చినదానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలండి. నిద్రమాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.