పీజీ వైఫై రోజూ ఉదయం తెగిపోతుంటే: నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ వైఫైలో మ్యాక్ అడ్రస్ (వైఫై కార్డుకి ఉండే గుర్తింపు నంబర్) రాయించుకుంటేనే నెట్ వస్తుంది. నా ల్యాప్‌టాప్ ఈరోజు పనిచేసి, రేపు పొద్దున్నే స్టాండప్ మీటింగ్ టైముకి మొండికేసేది. రూటర్ రీస్టార్ట్, డ్రైవర్ అప్‌డేట్, ఐపీ రెన్యూ, అన్నీ దండగే.

చివరికి కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొట్టి, వైఫై కింద ఫిజికల్ అడ్రస్, అంటే మ్యాక్ అడ్రస్ చూశాను. రెండో అక్షరం 'E'. అక్కడ 2, 6, A, E లలో ఏదున్నా అది కార్డుతో వచ్చిన అడ్రస్ కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టింది. విండోస్ 11 సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్లి, మా నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిస్తే 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' దగ్గర 'రోజూ మార్చు' అని ఉంది. అంటే అడ్రస్ రోజూ మారిపోతుంది, పీజీలో రాయించిందేమో పాతది. ఎప్పుడో నేనే పెట్టుంటాను! ఆఫ్ చేసి, డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కలిపాను. అడ్రస్ ఇంకోసారి చూసి, అప్పుడే పీజీ అన్నకి వాట్సాప్ చేశాను. ముందే పంపితే పాత నంబరే ఎక్కించేవాడు, మళ్లీ బతిమాలాలి.

మూడు వారాలుగా తెగలేదు. మీకూ ఇదే కారణమని చెప్పలేను. ఫోన్లలో అయితే ఆండ్రాయిడ్ 10 నుంచి ఇలా సాఫ్ట్‌వేర్ పెట్టిన అడ్రస్ మామూలే, కానీ సాధారణంగా ఒక్కో నెట్‌వర్క్‌కి ఒకటే ఉంటుంది. అక్కడ రోజూ తెగుతుంటే వేరే కారణం వెతకాలేమో.