జాడ పాఠాలు – 4: ఈ అడుగు ఎప్పటిది?

పోయిన మూడు పాఠాల్లో అడుగు ఎవరిదో చూశాం. చీలిన గిట్టా, ఒంటి డెక్కా, పంజానా అన్నది ఈపాటికి చూడగానే చెప్పగలగాలి. జీబ్రా అడుగు చూసి గాడిద అనుకున్నా పెద్ద తప్పేం కాదు, రెండిటిదీ ఒంటి డెక్కే. సింహాన్ని హైనా అనుకుంటే మాత్రం వెనక్కి వెళ్లి రెండో పాఠం మళ్లీ చదవండి. హైనా గోళ్లు నేల మీద గుచ్చుకుంటాయి, సింహం తన గోళ్లను లోపలికి ముడుచుకుని నడుస్తుంది.

ఈసారి ప్రశ్న "ఎప్పటిది?". నన్నడిగితే ఈ విద్య మొత్తంలో కష్టమైన ముడి ఇదే. జంతువును తప్పు చెప్తే పక్కవాళ్లు నవ్వుతారు, అంతటితో పోతుంది. వేళ తప్పు చెప్తే నిన్ననే వెళ్లిపోయిన జంతువు వెనక ఎండలో రోజంతా నడవాలి.

కుర్ర వేటగాళ్లకు ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే నమీబియా ఈశాన్య మూలకు, సుమ్‌క్వే చుట్టూ ఉన్న న్యాయ్ న్యాయ్ ఇసుక మైదానానికి వెళ్లాలి. అక్కడ ఉండేది దక్షిణ ఆఫ్రికా ఖండపు ఆదివాసులైన సాన్ ప్రజల్లో ఒక శాఖ, జుహోఆన్సీలు. 1998లో ఆ ప్రాంతం కన్సర్వెన్సీ అయింది, అంటే అక్కడి వన్యప్రాణుల బాగోగులు స్థానికులే చూసుకునే ప్రాంతం. పాత పద్ధతిలో విల్లంబులతో వేటాడే హక్కు వాళ్లకు ఇప్పటికీ ఉంది.

ఆ విల్లు చూస్తే పిల్లలాట వస్తువులా ఉంటుంది. బాణం సన్నగా, తేలిగ్గా ఉంటుంది. దాని దెబ్బకు ఎలండ్ లాంటి పెద్ద జింక పడిపోదు, పడేసేది విషం. ఒక రకం పురుగు లార్వాలను పొద కింద మట్టి తవ్వి తీసి, లోపలి రసాన్ని బాణానికి పూస్తారు. మొనకు మాత్రం పూయరు, దాని వెనక కాడకు పూస్తారు. పొరపాటున మొన గీసుకున్నా వేటగాడి ప్రాణం మీదికి రాకూడదు కదా. చిన్న జంతువు అయితే ఆ విషానికి కొన్ని గంటల్లో పడిపోతుంది. ఎలండ్, జిరాఫీ లాంటివాటికి ఒక రోజు పట్టొచ్చు, అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు.

ఇప్పుడు ఆ కుర్రాడి పరిస్థితి ఊహించుకోండి. మధ్యాహ్నం బాణం తగిలింది. కాళ్లు ఆగడం లేదు, వెంటపడాలని ఉంది. తరిమితే జంతువు బెదిరి ఇంకా దూరం పోతుంది, అందుకని పెద్దవాళ్లు పోనివ్వరు. వాళ్లు చేయించే పని ఒకటే: దాని అడుగు బాగా చూసి, ఆ గిట్టను మనసులో పెట్టుకోమంటారు. తర్వాత అందరూ ఇంటికి. మర్నాడు పొద్దున్న వచ్చేసరికి అదే ఇసుక మీద రాత్రంతా వేరే ఎలండ్‌లు, నక్కలు, హైనాలు తిరిగి ఉంటాయి. వాటన్నిటి మధ్య "నిన్న మధ్యాహ్నం" అడుగులు ఏవో అతను ఏరాలి. తప్పు గుంపు వెనక పోతే మాంసం హైనాలదే.

పైగా ఒకప్పుడు పెద్ద జంతువును కొట్టనిదే పిల్లనిచ్చేవాళ్లు కాదు. మొదటి వేట ముగిశాక కుర్రాడి ఒంటి మీద చిన్న చిన్న గాట్లు పెట్టి, కాల్చిన మాంసం, కొవ్వు మసి అందులో రుద్దేవారు. అయినా మాంసం పంచే హక్కు అతనిది కాకపోవచ్చు. బాణం ఎవరిదైతే పంపకం వాళ్లది, ఆ బాణం ఒక ఆడమనిషిది కూడా కావచ్చు. మన పాఠానికి ఇది అవసరం లేదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, వేళ కట్టడం ఎలా? చాలామంది అడుగు అంచు దగ్గరే ఆగిపోతారు. తాజా అడుగు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, గాలికీ ఎండకీ రేణువులు ఒక్కొక్కటే జారి గుండ్రంగా అవుతుంది. నిజమే. కానీ అంచు అబద్ధాలాడుతుంది. పొద చాటున గాలి తగలని అడుగు నిన్నటిదైనా కొత్తగా కనిపిస్తుంది, బయలు మీద రెండు గంటల అడుగు వారం నాటిదిలా అయిపోతుంది. నేను ఈ తప్పు ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

అంతకన్నా నమ్మదగ్గ సాక్షులు రాత్రి తిరిగే చిన్న ప్రాణులు. ఎలుకలు, పేడపురుగులు, తేళ్లు చీకట్లో తిరుగుతాయి. వాటి సన్నని గీత గిట్ట గుంటలోకి దిగి, మళ్లీ అవతలికి ఎక్కిందంటే జంతువు ఆ పురుగు కన్నా ముందు వెళ్లింది. గిట్టే ఆ గీతను తొక్కేస్తే తర్వాత వెళ్లింది, అంటే బహుశా తెల్లవారాక. మంచు చుక్కలు కూడా ఇలాగే పనికొస్తాయి. చెట్టు కొమ్మల నుంచి రాలిన చుక్కలు ఇసుకలో చిన్న గుంటలు పెడతాయి. ఆ గుంటలు అడుగు లోపల ఉన్నాయా, అడుగు కింద నలిగిపోయాయా చూడండి.

ఇంకొకటి నాకు చాలా ఇష్టం. జంతువు పడుకున్న చోటు. చెట్టుకు పడమటి పక్క ఇసుక నొక్కుకుపోయి, పొట్ట ఆనిన పల్లం ఉందనుకోండి. ఇప్పుడు అక్కడ ఎండ మండిపోతోంది. ఎండలో ఏ జింకా పనిగట్టుకుని పడుకోదు. నీడ ఆ పక్కన ఉన్నది పొద్దున, సూర్యుడు తూర్పున ఉన్నప్పుడు. అంటే అది పొద్దుటి పడక. మీరు పొద్దున వెళ్లినప్పుడు పల్లం తూర్పు పక్క ఉంటే సాయంత్రం పడక, అంటే నిన్నటిదో మొన్నటిదో. ఒక జాగ్రత్త: మన దగ్గర చలికాలంలో మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది, అక్కడి చలికాలంలో, అంటే జూన్, జూలైల్లో, దక్షిణానికి పడుతుంది. మన అలవాటుతో అక్కడ లెక్క కడితే బోల్తా పడతాం.

పేడ, పెంటికల సంగతి మీకే వదిలేస్తున్నా. పైన ఆరినా లోపల తడి ఉంటుందని ఊళ్లో పుట్టిన వాళ్లకు నేను చెప్పాలా?

వేళ గంటల్లో కాక నిమిషాల్లో కట్టాల్సిన వేట కూడా ఒకటుంది. నమీబియా పక్కనున్న బోత్స్వానాలో, కలహారీ ఎడారిలో సాన్ వేటగాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడూ అనే జింకను పరుగుతో అలసగొట్టేవారు. (పేరు చూసి నవ్వుకోకండి, వాళ్లకు అది నిజంగానే కూడు.) జింక ఒళ్లు చల్లబరుచుకోవాలంటే రొప్పాలి, దౌడు తీస్తూ సరిగా రొప్పలేదు. మనిషి పరిగెడుతూనే చెమట పోస్తాడు. ఈ పరుగు వేటను జాడ విద్య మీద పరిశోధన చేసే లూయీ లీబెన్‌బర్గ్ కళ్లారా చూసి 2006లో వివరంగా రాశాడు, ఎండ 40 డిగ్రీల చుట్టూ ఉన్న రోజుల్లో జరిగే పని అది. కూడూ కంటికి కనపడదు, కనపడేది అడుగులే. మొదట గిట్టలు శుభ్రంగా దిగుతాయి. తర్వాత కొనలు ఇసుకను గీస్తూ ఈడ్చుకుపోతాయి, అడుగుల మధ్య దూరం తగ్గుతుంది, ప్రతి నీడలో ఆగిన గుర్తులు కనిపిస్తాయి. ఆ ఆగిన గుర్తుల దగ్గర ఇసుక ఇంకా జారుతూ ఉంటే వేటగాడు వేగం పెంచుతాడు.

మన దగ్గర 1972 చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం, కాబట్టి మన విద్య అడుగు దగ్గరే ఆగాలి. నల్లమలలో పులుల అభయారణ్యానికి కాపలా పని చేసే చెంచులు పంజా గుర్తులు చదివేది కూడా పులిని కాపాడటానికే.

ఈ వారం అభ్యాసం. డాబా మీదో పెరట్లోనో రెండు బారల ఇసుక పరవండి, ఏటి ఇసుక అయితే జల్లించండి, లేకపోతే అచ్చు నిలవదు. కొంచెం తడిపి చదును చేయండి. సగం ఎండలో, సగం నీడలో ఉండాలి. పొద్దున ఆరింటికి రెండు వైపులా ఒక్కో అడుగు వేయండి. మూడు గంటలకోసారి పక్కన కొత్త అడుగు, సాయంత్రం ఆరు వరకు. ప్రతిసారీ పాతవాటిని కూడా చూడండి. ఎప్పుడూ అడుగు మీకూ సూర్యుడికీ మధ్య ఉండేలా కూర్చోండి, గుంటలో నీడ అప్పుడే తేలుతుంది. మిట్టమధ్యాహ్నం ఏమీ కనపడకపోతే కంగారు పడొద్దు, అప్పుడు ఎవరికీ కనపడదు.

మర్నాడు పొద్దున ఇంట్లో ఒకరిని పిలిచి, మీరు చూడకుండా ఎప్పుడో ఒకప్పుడు ఒక అడుగు వేయమనండి. అది ఎన్ని గంటలకు వేసిందో సాయంత్రం మీరు చెప్పాలి. గంటన్నర తేడాలో చెప్తే పాసయినట్టే. నా మొదటి ప్రయత్నంలో నీడలో ఉన్న పొద్దుటి అడుగును సాయంత్రానిదని చెప్పాను. రెండోసారి చెప్పే అవకాశమే రాలేదు, డాబా మీద చెత్త పోశానని మా అమ్మ మొత్తం ఊడ్చేసింది. ఇంట్లో ముందే చెప్పి మొదలుపెట్టండి.

వచ్చే పాఠం: రాతి నేల మీద జాడ తెగిపోతే ఎక్కడ వెతకాలి.