తుపాను వెలిశాక కొట్టును నిలబెట్టాలంటే

తుపాను వెలిశాక మన కిరాణా కొట్టాయనకి ఏం సాయం చేద్దామని ఎవరైనా నన్నడిగితే, నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ఆయనకి మీరెంత బాకీ?" చందాల సంగతి తర్వాత చూద్దాం. ముందు మనం రాయించుకున్న అరువు తీర్చాలి. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో రైస్ మిల్లు లెక్కలు రాసి రిటైరైనదాన్ని. అందుకే నా మాటలన్నీ పద్దుల వైపే పోతాయి, సర్దుకోండి.

మా వైపు పెద్ద తుపాను అంటే అక్టోబరే. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12 రాత్రి. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11 తెల్లవారుజామున. రెండూ దసరా నవరాత్రుల్లోనే. అంటే కొట్టు నిండా పండగ సరుకు ఉన్నప్పుడే. ఆ సరుకు బరంపురం, శ్రీకాకుళం హోల్‌సేల్ వాళ్ల దగ్గర అప్పు మీద తెచ్చినది. పైవాళ్లకి ఆయన బాకీ, కిందవాళ్లం మనం ఆయనకి బాకీ. మధ్యలో ఉన్న సరుకు నీళ్లలో కలిసిపోతుంది. పైవాడు ఊరుకోడు, కిందవాడు కనబడడు. చాలా కొట్లు గాలికి, నీళ్లకి తట్టుకుని ఆ తర్వాతి రెండు నెలల్లో మూతపడేది ఇందుకే.

నీళ్లు తీయగానే అందరం చీపుర్లు పట్టుకుని దూరిపోతాం. కాస్త ఆగాలి. ముందు ఫొటోలు. మంచి ఫోన్ ఉన్న కుర్రాడొకడిని పిలవండి. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో బురద గీత కనిపిస్తుంది కదా, దాని పక్కన టేపు పట్టి తీయమనండి. తర్వాత ఒక్కో అర, ఒక్కో బస్తా, బస్తా మీద పేరు కనబడేలా. కొట్టుకి ఇన్సూరెన్స్ ఉందో లేదో కొట్టాయన శెట్టిగారినే అడగండి. బ్యాంకు లోను తీసుకున్నవాళ్లకి చాలాసార్లు ఉంటుంది, వాళ్లకే గుర్తుండదు. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అని ఒక పాలసీ ఉంది, తుపాను, వరద రెండూ అందులో వస్తాయి. ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు రాసుకోవాలి. సర్వేయరు చూసేదాకా పాడైన సరుకు పారేయకూడదు. మరీ కుళ్లి కంపు కొడితే ఫొటో తీసి, తూకం రాసి, కొంచెం నమూనా ఉంచి మిగతాది తీసేయాలి.

ఇక అసలు సంగతి, ఖాతా పుస్తకం.

మా వీధి శెట్టిగారిది ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం. తిత్లీ నీళ్లలో నానిన తర్వాత చూస్తే బాల్‌పెన్నుతో రాసిన సరుకుల వరసలు నీలంగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎర్ర ఇంకుతో వేసిన మొత్తాలు మాత్రం గులాబీ రంగు మరకలై పేజీ అంతా పాకిపోయాయి. ఎవరేం కొన్నారో తెలుసు, ఎంతివ్వాలో తెలీదు.

ఇలాంటి పుస్తకం చేతికొస్తే గబుక్కున తెరవకండి. తడి కాగితం పట్టుకుంటే పొరలుగా ఊడిపోతుంది. పళ్లెంలో నిలబెట్టి ముందు నీరు కారనివ్వండి. ఆ తర్వాత విడిగా వచ్చినన్ని పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టండి. వార్తాపత్రిక వద్దు, దాని సిరా వీటికి అంటుకుంటుంది. పెట్టిన కాగితాలు తడిసినప్పుడల్లా మార్చండి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందనిపిస్తుంది కానీ పేజీలు వంకర్లు పోయి అట్ట ఊడిపోతుంది. నీడలో, గాలి తగిలేచోట ఆరాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది, కాబట్టి ఆరబెట్టే తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కరెంటున్న ఊళ్లో ఎవరి డీప్ ఫ్రిజ్‌లోనైనా పెట్టించండి. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. ఒక్కో పేజీ విడిపడినప్పుడల్లా ఫొటో తీయండి. మళ్లీ అంటుకుపోయినా ఫొటో మిగులుతుంది.

పుస్తకం పూర్తిగా పోయిందనుకోండి, అప్పుడే ఖాతాదారుల అవసరం. కొట్టు ముందు బల్ల వేసి ఒకరు కొత్త నోటుబుక్కుతో కూర్చోవాలి. శెట్టిగారిని కూర్చోబెట్టకండి, మొహమాటం అడ్డొస్తుంది. ఆయన ఇంటివాళ్లూ వద్దు. వీధిలో అందరితో మాట్లాడే మనిషి కావాలి. వచ్చినవాళ్లు తమ బాకీ తామే చెప్పాలి. ఆధారం ఏదున్నా చూపించాలి: సరుకు చీటీ, ఫోన్‌పే హిస్టరీ, గోడ క్యాలెండరు మీద గీసుకున్న లెక్క. ఏ ఆధారం లేకపోతే నోటి మాటే రాసి పక్కన 'జ్ఞాపకం' అని పెట్టండి. మా దగ్గర ఒక మామ్మ "నాది పదకొండొందలు శెట్టీ, చింతపండు కలపలేదు, చింతపండు బాలేదు" అంది. చింతపండు సంగతి కూడా అలాగే రాశాం. వాదన పెట్టుకోకండి. ఇద్దరి లెక్కకీ తేడా ఉంటే రెండు అంకెలూ రాసి కొట్టు తెరిచాక తేల్చుకోమనండి.

ఇప్పుడు ఇవ్వలేనివాళ్లు కూడా వచ్చి అంకె రాయించాలి, అది చాలా ముఖ్యం. తుపానుకి జీడితోటా కొబ్బరిచెట్లూ పోయినవాడి దగ్గర డబ్బెక్కడిది? కానీ ఆయన బాకీ కాగితం మీదుంటే శెట్టిగారు హోల్‌సేల్ వాడికి చూపించి గడువు అడగగలరు. బ్యాంకులో మాట్లాడటానికీ పనికొస్తుంది. ప్రభుత్వం విపత్తుగా ప్రకటించిన ప్రాంతాల్లో అప్పుల వాయిదాలు సడలించడానికి రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలున్నాయి. బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా అడగాలి. బ్యాంకు వాళ్లే కొట్టుకి వచ్చి చెబుతారని ఎదురుచూడకండి. బరంపురం నుంచి పాత బిల్లుల నకళ్లు వాట్సాప్‌లో తెప్పించుకోవడం కూడా ఖాతాదారుల్లో ఎవరో ఒకరు చేసిపెట్టొచ్చు.

మన వైపు ఇంకో తిప్పలుంది. కొట్టు లెక్కలు తెలుగులో, తహసీల్ కాగితాలు ఒడియాలో. మా వయసు తెలుగువాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు కానీ రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. వీధిలో ఒడియా మీడియం చదివిన పిల్ల ఒకత్తి దరఖాస్తు నింపి పెడితే అదే పెద్ద సాయం. కొట్టు వెనకే ఇల్లు ఉంటే ఇంటి నష్టానికి విడిగా దరఖాస్తు పెట్టించండి. ప్రభుత్వ సహాయ నిబంధనల్లో కూలిన ఇంటికి, చేతివృత్తులవాళ్ల పనిముట్లకి పద్దు ఉంది. కొట్లోని పప్పుకీ పంచదారకీ ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు ఇచ్చేటప్పుడు నగదే ఇవ్వండి. స్తంభాలు పడిపోయాక కరెంటు రాదు, టవర్ రాదు, స్కానర్ బొమ్మ గోడకి ఉండి లాభం లేదు. బాకీ తీర్చాక ఇంకా ఇవ్వాలనుంటే వచ్చే నెల సరుకుల జాబితా రాసి ఆ డబ్బు ముందే ఇవ్వండి, చీటీ తీసుకోండి. ఒక నెలకి మించి ఇవ్వొద్దని నా సలహా. ఎక్కువ ఇస్తే రెండో నెలకి మనమే రోజూ వెళ్లి "ఏమైంది శెట్టిగారూ" అని అడుగుతాం, ఆయనకి టెన్షన్ తప్ప మిగిలేదేం ఉండదు. ధర తగ్గించమని మాత్రం అడగకండి, కనీసం ఆ సీజన్‌కి.

తడిసిన సరుకు చవగ్గా ఇమ్మని అడిగేవాళ్లు ప్రతి తుపానుకీ తయారవుతారు. "ఎండబెట్టుకుంటాంలే" అంటారు. వరద నీరు మరుగుదొడ్ల మీదుగా వచ్చిన నీరు. ఆ నీట నానిన బియ్యం, పప్పు, పిండి ఎండబెట్టినా పనికిరావు, బూజు విషం వండినా పోదు. పశువులకీ పెట్టొద్దు. సీలు విప్పని రేకు డబ్బాలు ఉబ్బకుండా, తుప్పు పట్టకుండా ఉంటే సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్లలో ముంచి తుడిచి అమ్ముకోవచ్చు. అలాంటివి అడిగి మరీ కొనండి.

పక్క గదిలో పిండి మర ఉంటే కరెంటు రాగానే స్విచ్ వేయకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి, నిజంగానే. మోటారులోకి నీళ్లెళ్తే మెయిన్ ఆపి, మంచినీళ్లతో బురద కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మెకానిక్ మెగ్గరుతో (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) వైండింగ్ చూశాకే తిప్పాలి. తొందరపడితే వైండింగ్ కాలిపోతుంది. మర రాళ్లు విప్పి కడిగి ఆరబెట్టాక, ముందు కొంచెం పాత గింజలు ఆడించి ఆ పిండి పారబోయాలి. మెకానిక్‌కి ఇవ్వాల్సింది నలుగురు కలిసి వేసుకుని, తర్వాత ఆడింపు కూలిలో తగ్గించుకోవచ్చు. మా వీధిలో అలాగే చేశాం, ఎవరికీ చిన్నతనం అనిపించలేదు.

వచ్చే అక్టోబరుకి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి నెలాఖరున శెట్టిగారి ఖాతా పేజీలు ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న ఆయన కూతురి ఫోన్‌కి పంపండి. మొత్తాలు కూడా బాల్‌పెన్నుతోనే వేయమని చెప్పండి.