ప్లాస్టిక్ స్టూల్‌ని ఒకసారి తిరగేయండి

ప్రొడక్ట్ డిజైన్ నేర్చుకుంటున్నారా? ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ స్టూల్‌ని తిరగేసి, అడుగున పక్కటెముకల్లా ఉండే పట్టీలను వేలితో తడమండి. వాటినే రిబ్స్ అంటారు. మంచి స్టూల్‌లో అవి పైపలక కంటే సన్నగా ఉంటాయి, కావాలనే అలా చేస్తారు. రిబ్ మందంగా ఉంటే, అచ్చులోకి వెళ్లిన కరిగిన ప్లాస్టిక్ అక్కడ ఆలస్యంగా చల్లారి, ముడుచుకుంటూ పైభాగాన్ని లోపలికి లాగుతుంది. నున్నటి ముఖం మీద సొట్ట పడుతుంది. లైటు ఏటవాలుగా పడితే ఇట్టే కనిపిస్తుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పలక 3 మిల్లీమీటర్లుంటే రిబ్ 1.5 నుంచి 1.8 చాలు. ఇంకా బలం కావాలా? మందం పెంచకండి, ఇంకో రిబ్ వేయండి. డ్రాయింగ్‌లోనే చూసుకోండి. అచ్చు తయారయ్యాక రిబ్‌ని సన్నం చేయాలంటే అచ్చులో రిబ్ కోసం తొలిచిన గాడిలో మళ్లీ ఉక్కు నింపాలి, అది బోలెడు ఖర్చు.