టీనేజీలో ఆత్మరక్షణకు ఏ విద్య నేర్చుకోవాలి

కరాటే మంచిదా, జూడో మంచిదా, బాక్సింగ్ మంచిదా అని అడిగే ముందు, మీ ఈడువారిపై దాడి ఎలా జరుగుతుందో గుర్తుచేసుకోండి. బడి గేటు దగ్గరో, బస్సు దిగిన చోటో, ట్యూషన్ నుంచి తిరిగివచ్చే సందులోనో ఎవరో ఒకరు చొక్కా పట్టుకుని గుంజుతారు, వెనకనుంచి మెడకు చేయి బిగిస్తారు, జడో చున్నీయో అందుకుంటారు, గోడకేసి నెడతారు, ఒక్కోసారి కింద పడేస్తారు. అందువల్ల పట్టు విడిపించుకోవడం, నెట్టినా తూలకుండా నిలబడటం, పడితే తల పగలకుండా పడి వెంటనే లేవడం, మొహం మీదికి వచ్చే పిడిగుద్దును కాచుకోవడం అనే ఈ నాలుగు పనులను ఎక్కడ నేర్పుతారో వెతకాలి.

ఈ మాట నేను కొంత నష్టపోయి చెబుతున్నాను. తొమ్మిదో తరగతి నుంచి రెండేళ్లు కరాటే క్లాసుకు వెళ్లాను. కటాలు, అంటే ఒంటరిగా వరుసక్రమంలో చేసే కరాటే కదలికలు, తడుముకోకుండా చేసేవాణ్ణి, బడి వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఇంటర్‌లో చేరిన కొత్తలో క్యాంటీన్ ముందు ఒకడు కాలర్ పట్టుకుని ఊపితే నా చేతులు రెండూ పక్కనే ఉండిపోయాయి. ఆ రెండేళ్లలో క్లాసులో ఒక్కరు కూడా నా కాలర్ పట్టుకోలేదన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తట్టలేదు.

కాబట్టి విద్య పేరు చూసి కాక, క్లాసు చూసి నిర్ణయించుకోండి. డబ్బు కట్టకముందే ఒక సాయంత్రం వెళ్లి గోడ పక్కన కూర్చుని గంటసేపు చూడండి. పిల్లలను జతలుగా నిలబెట్టి, ఒకరు నిజంగా పట్టుకుంటుంటే మరొకరు విడిపించుకునే సాధన జరుగుతోందా, లేక అందరూ వరుసల్లో నిలబడి గాలిలోకి గుద్దుతూ గంట గడిపేస్తున్నారా అన్నదే అసలు పరీక్ష. ఎదుటివాడు లొంగకుండా పెనుగులాడుతున్నప్పుడు చేయగలిగినదే రోడ్డు మీద చేతికి వస్తుంది. మూడు నెలలకొక బెల్టు పరీక్ష, ప్రతి పరీక్షకూ ఒక ఫీజు అని ముందే లెక్క చెప్పే చోట కాస్త ఆగి ఆలోచించండి.

దగ్గర్లో మంచి జూడో మాస్టారు ఉంటే నా ఓటు మొదట అటే. 1882లో జపాన్‌లో జిగోరో కానో రూపొందించిన ఈ విద్యలో పట్టు అంతా ఎదుటివారి దుస్తుల మీదే ఉంటుంది. ఒక చేత్తో కాలర్, మరో చేత్తో చొక్కా చేయి పట్టుకుని నిలుపు తప్పించడమే ఆటంతా, మన బడి గొడవలూ సరిగ్గా అక్కడే మొదలవుతాయి. పైగా తొలి వారాలు పడటం నేర్పడంతోనే సరిపోతాయి: గడ్డాన్ని గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి, ఒంటి బరువు నేలను తాకే క్షణాన చేతిని మోచేతి నుంచి అరచేతి దాకా చాప మీద చరచాలి. తల వెనక్కి వాలదు, అరచేయి ముందుగా ఆనించి మణికట్టు విరగ్గొట్టుకునే అలవాటూ పోతుంది. దాడి మాట ఎలా ఉన్నా, సైకిలు మీదనుంచి పడే రోజున ఈ ఒక్క పాఠం ఫీజు మొత్తం తిరిగి ఇచ్చేస్తుంది.

జూడో లేని ఊళ్లో కుస్తీ అంతే పని చేస్తుంది, ఖర్చు కూడా తక్కువ. హైదరాబాదులో బార్కస్ వంటి చోట్ల కుస్తీకి పాత పేరుంది. బాక్సింగ్ నేర్పేది కొంచెమే, కానీ నేర్పింది గట్టిగా ఉంటుంది: చేతులు ఎత్తి ఉంచడం, కళ్లు మూసుకోకుండా దెబ్బ తప్పించుకోవడం, అడుగులతో దూరం జరగడం. 2022, 2023 సంవత్సరాల్లో ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ వల్ల, ఆడపిల్లలకు ఇదెందుకన్న ప్రశ్నకు ఇంట్లో జవాబు చెప్పడం కూడా తేలికైంది. అయితే ఎదిగే వయసులో తలకు తగిలే దెబ్బలను తేలికగా తీసుకోకూడదు. వారం వారం పూర్తి బలంతో కొట్టించే కోచ్ దగ్గర ఉండవద్దు. దెబ్బ తరువాత తలనొప్పి, వికారం, మసక చూపు ఉంటే ఆట ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

కాలి తన్నులే ప్రధానమైన కొరియా విద్య టైక్వాండోలో కాళ్లు చురుగ్గా మారతాయి గాని, ఒలింపిక్స్ తరహా పోటీ నియమాలు చేత్తో మొహం మీద కొట్టడాన్నీ, పట్టుకోవడాన్నీ ఒప్పవు కనుక ఆ లోటును వేరేచోట పూడ్చుకోవాలి. కరాటే పూర్తిగా మాస్టారును బట్టి ఉంటుంది. ఇజ్రాయెల్ సైన్యంలో వాడే ఆత్మరక్షణ పద్ధతి క్రావ్ మగాకు పెట్టే రెండు రోజుల శిబిరం ఉత్సాహమిస్తుంది, అలవాటును ఇవ్వలేదు. కర్రసాము మన సొంత విద్య, చూడముచ్చటైనది, కానీ కాలేజీకి కర్ర పట్టుకుని వెళ్లలేం కదా.

మైనర్లు చేరేటప్పుడు తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చుని చూడవచ్చా అని అడగండి. వద్దన్న చోట చేరవద్దు. పట్టు నేర్పేటప్పుడు ఎక్కడ చేయి వేస్తున్నదీ ముందే చెప్పి వేయడం మంచి కోచ్ లక్షణం. అవసరం లేని స్పర్శ ఎదురైతే ఇంట్లో చెప్పండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

మంచి మాస్టారు కత్తి ముందు నిలబడమని చెప్పడు. ఫోన్ అడిగితే ఇచ్చేసి, జనం ఉన్న వైపు పరుగెత్తి, అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న నేర చట్టం భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది, అయితే రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షను హద్దు పెట్టింది. అంటే పట్టు విడిపించుకునేందుకు తోయవచ్చు, పడిపోయినవాణ్ణి తన్నుతూ ఉండకూడదు.

మొదట ఒక్క నెల ఫీజు మాత్రమే కట్టండి, యూనిఫాం తరువాత కొనవచ్చు. వారానికి కనీసం రెండు రోజులు వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్న క్లాసునే ఎంచుకోండి. మూడు నెలలు నిండాక, ముందుగా చెప్పకుండా ఎప్పుడో ఒకప్పుడు వెనకనుంచి వచ్చి కాలర్ పట్టుకోమని అన్నయ్యకో అక్కకో చెప్పి ఉంచండి. చేతులు వాటంతటవే పైకి లేస్తే ఆ క్లాసులోనే కొనసాగండి, లేకపోతే వేరే మాస్టారును వెతకండి.