కెర్నెల్ మార్చే ముందు ఎల్‌డీటీ సంగతి చూసుకోండి

పర్లాకిమిడిలో మా మామయ్యగారి రైసు మిల్లులో తూకాల లెక్క ఇప్పటికీ విండోస్ 3.1 నాటి ప్రోగ్రామే చూస్తుంది. లైనక్స్ మీద వైన్ (విండోస్ ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి దాన్ని నెట్టుకొస్తున్నాను. కోతలు మొదలయ్యేలోగా కెర్నెల్‌ను, అంటే లైనక్స్ గుండెకాయను, మార్చాలి. ధాన్యం లారీలు గేటు దగ్గర బారులు తీరాక సెగ్మెంటేషన్ ఫాల్ట్ (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్న తప్పు) అని ప్రోగ్రాము పడిపోతే ఆయనకు చెప్పుకోలేను.

ఇలాంటి పదహారు బిట్ల ప్రోగ్రాము వాడే ఒక్కో మెమరీ ముక్కకు (సెగ్మెంటుకు), అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే ఒక్కో డిస్క్రిప్టర్ కావాలి. అవి ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) సొంత పట్టికలో, అంటే లోకల్ డిస్క్రిప్టర్ టేబుల్ అనే ఎల్‌డీటీలో ఉంటాయి. మొత్తం 8192 గళ్లు, గడికి 8 బైట్లు. వాటిలో రాయడానికి లైనక్స్‌లో ఉన్న దారి మోడిఫై ఎల్‌డీటీ అనే సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రాము కెర్నెల్‌ను పని అడిగే పిలుపు. 2015లో వచ్చిన 4.3 కెర్నెల్ నుంచి దీన్ని పూర్తిగా తీసేసి కూడా బిల్డ్ చేసుకోవచ్చు. కాబట్టి బూట్ ఫోల్డరులోని కాన్ఫిగ్ ఫైలు తెరిచి ఈ కాల్ ఉందో లేదో, పదహారు బిట్ల సెగ్మెంట్లకు అనుమతి ఉందో లేదో ముందే చూడండి. మొదటిది లేకపోతే ఈనోసిస్ (ఆ కాల్ లేదు), రెండోది లేకపోతే ఈఇన్వాల్ (ఇచ్చిన విలువ చెల్లదు) అనే ఎర్రర్ వస్తుంది. పాత కెర్నెల్‌ను గ్రబ్ మెనూలోంచి (బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ ఎంచుకునే జాబితాలోంచి) తీసేయకండి.

సొంతంగా కోడు రాసేవాళ్లకు ఇంకో నాలుగు మాటలు. గ్లిబ్‌సీలో (లైనక్స్ సీ లైబ్రరీలో) దీనికి రెడీమేడ్ ఫంక్షన్ లేదు, సిస్‌కాల్‌తోనే పిలవాలి. రాయడానికి ఫంక్షన్ నంబరు హెక్స్ 11 వాడండి. గడి వివరాలు నింపి ఇచ్చే స్ట్రక్చర్ సరిగ్గా 16 బైట్లు ఉండాలి.

నేను దెబ్బతిన్నది ఆ స్ట్రక్చర్‌లోని లిమిట్ దగ్గర. లిమిట్ అంటే సైజు కాదు, చివరి బైటు నంబరు. 64 కేబీకి 65535 ఇవ్వాలి. నేను 65536 ఇచ్చాను. లూపు ఒక బైటు ఎక్కువ రాసినా ప్రాసెసర్ ఊరుకుంది, పక్కనే ఉన్న ధరల పట్టికలో మొదటి అక్షరం మారిపోయింది. రెండు రాత్రులు వెతికాను. అసలు సంగతేమిటంటే, టెస్టుకు 64 బిట్ల బిల్డ్ వాడాను. ఆ మోడ్‌లో ప్రాసెసర్ లిమిట్ వైపే చూడదు. డీఎస్ (డేటా సెగ్మెంటు రిజిస్టరు) బేసును, అంటే సెగ్మెంటు మొదలయ్యే చోటును, కూడా పట్టించుకోదు. ఎన్నిసార్లు నడిపినా టెస్టు పాసే! తప్పనిసరిగా 32 బిట్లలోనే పరీక్షించండి.

ఏ సెగ్మెంటు రిజిస్టరు వాడాలన్నది కూడా 32 బిట్లా 64 బిట్లా అన్నదాన్నిబట్టే. 32 బిట్లలో గ్లిబ్‌సీ తన థ్రెడ్ డేటాకు జీఎస్‌ను వాడుకుంటుంది, మీరు ఎఫ్‌ఎస్ తీసుకోండి. 64 బిట్లలో ఇది తిరగబడుతుంది. సెలెక్టర్ (ఆ రిజిస్టరులో పెట్టే నంబరు) లెక్క తేలికే: గడి నంబరును ఎనిమిదితో హెచ్చించి ఏడు కలపాలి. అయిదో గడికి 47.

గడిని ఖాళీ చేయడానికి స్ట్రక్చర్ నిండా సున్నాలు పెడితే హెక్స్ 11లో పని జరగదు, ఒక్క బైటు సెగ్మెంటు తయారవుతుంది. చదవడానికి మాత్రమే అనే బిట్టు, సెగ్మెంటు లేదు అనే బిట్టు రెండిటినీ 1 చేసి, గడి నంబరు తప్ప మిగతావి సున్నా ఉంచాలి. అంతకంటే ముందు ఆ సెలెక్టర్ ఏ రిజిస్టరులోనూ మిగలకుండా చూసుకోండి. ప్రోగ్రాము అక్కడే పడిపోతుందని లేదు, ఎక్కడో తర్వాత పడుతుంది. థ్రెడ్లన్నిటికీ పట్టిక ఒకటే కాబట్టి గళ్లు పంచే పని ఒక్కచోటే, లాక్ పెట్టి చేయండి.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం, మిల్లు మూసి ఉన్నప్పుడు, నిరుటి లారీ చీటీలు ఓ యాభై తీసి కొత్త కెర్నెల్ మీద మళ్లీ కొడతాను. ఒక్క కిలో తేడా వచ్చినా సోమవారం పాత కెర్నెలే.